హైదరాబాద్@123 పాసైపోతోందంటే తప్పు రెగెక్స్ ఒక్కదానిదే కాదు తమ్ముడూ

నువ్వు అడిగింది రెండుసార్లు చదివా. ముందు నాకు అర్థమైంది చెప్తా, ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దు. గచ్చిబౌలిలో ప్రాజెక్టు, జావా స్ప్రింగ్ బూట్. క్లయింట్ వాళ్ళు ఒక పాస్‌వర్డ్ పాలసీ పంపారు: కనీసం 8 క్యారెక్టర్లు, ఎక్కువలో ఎక్కువ 16, ఒక క్యాపిటల్, ఒక స్మాల్, ఒక నంబర్, ఒక స్పెషల్ క్యారెక్టర్, యూజర్ పేరు లోపల ఉండకూడదు, పాత 5 పాస్‌వర్డ్‌లు మళ్ళీ పెట్టకూడదు, 90 రోజులకోసారి మార్చాలి. నువ్వు నెట్‌లో దొరికిన ఒక పొడుగాటి రెగెక్స్ (రాసింది ఫలానా నమూనాకి సరిపోతుందా అని చూసే సూత్రం) తెచ్చి పెట్టావు. మీ క్యూఏ (టెస్టింగ్) ఆవిడ మూడు బగ్స్ వేసింది. # పెట్టిన మంచి పాస్‌వర్డ్ రిజెక్ట్ అవుతోంది, ఏ రూల్ తప్పినా "ఇన్‌వ్యాలిడ్ పాస్‌వర్డ్" అని ఒకటే మెసేజ్ వస్తోంది, హైదరాబాద్@123 అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే "స్ట్రాంగ్" అని పచ్చ గీత వస్తోంది. "అన్నా, ఈ రెగెక్స్‌ని ఎలా సరిచేయాలి" అన్నావు.

మొదటి రెండూ తేలిగ్గా అయిపోతాయి. మూడోది మాత్రం రెగెక్స్‌ని ఎంత సాగదీసినా కాదు. పాలసీలో ఉన్న రూల్స్ అన్నీ పాస్‌వర్డ్ వేషం చూస్తాయి, క్యాపిటల్ ఉందా, నంబర్ ఉందా అని, అంతే. బయటివాడు దాన్ని ఎన్నో ప్రయత్నంలో కొట్టేస్తాడనేది ఆ రూల్స్‌కి తెలీదు. మన దగ్గర ఎవర్నైనా కూర్చోబెట్టి ఈ నాలుగు రకాలూ ఉండేలా ఒక పాస్‌వర్డ్ పెట్టమంటే ఊరి పేరో, పిల్లల పేరో, కంపెనీ పేరో మొదటి అక్షరం క్యాపిటల్ చేసి, తర్వాత @, తర్వాత 123 కొడతారు. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, అందులో ఆరేళ్ళు లాగిన్ వైపే, టీమ్‌లో అందరూ వాడే టెస్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ అడిగితే చాలాసార్లు ఇదే తీరు. దాడి చేసేవాడికీ ఈ సంగతి బాగా తెలుసు, హ్యాష్‌క్యాట్ లాంటి పాస్‌వర్డ్ పగలగొట్టే టూల్స్‌లో రూల్ ఫైళ్ళు చేసేది అచ్చంగా ఇదే, పదం తీసుకో, మొదటి అక్షరం పెద్దది చెయ్, వెనకాల గుర్తూ అంకెలూ తగిలించు. అంటే మన పాలసీ జనాన్ని ఏ దారిలోకి తోస్తుందో వాడు సరిగ్గా అదే దారిలో కాపు కాసి ఉంటాడు.

సరే, ముందు ఆ రెగెక్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఎందుకు తప్పో తెలీకుండా పీకేస్తే రేపు ఇంకో చోట ఇంకొకటి తెచ్చి పెడతావు. నువ్వు పెట్టినది ముందు లుక్‌అహెడ్‌లతో (ముందుకి తొంగి చూసే ముక్కలతో) నాలుగు రకాలూ ఉన్నాయా అని చూస్తుంది, అది బాగానే ఉంది. గొడవంతా చివర్లో ఉన్న చదరపు బ్రాకెట్‌లో. అందులో అక్షరాలు, అంకెలు, ఇంకో ఏడు గుర్తులు (@ $ ! % * ? &) మాత్రమే రాసి ఉన్నాయి, పాస్‌వర్డ్ మొత్తం వాటితోనే ఉండాలి అని దాని అర్థం. అంటే "కనీసం ఒక స్పెషల్ ఉండాలి" అనే రూల్ కాస్తా "ఈ ఏడు తప్ప ఇంకేవీ ఉండకూడదు" అనే రూల్ కూడా అయి కూర్చుంది. # గానీ, హైఫన్ గానీ, స్పేస్ గానీ పెట్టినవాడు బయటే. పాలసీ డాక్యుమెంట్‌లో ఈ మాట ఎక్కడా లేదు చూడు, నీ కోడ్ సొంతంగా కలిపింది. పాస్‌వర్డ్ మేనేజర్‌లు తయారుచేసి ఇచ్చే వాటిలో ఇలాంటి గుర్తులు బోలెడు ఉంటాయి, అంటే అందరికంటే జాగ్రత్తగా ఉండే యూజర్‌నే నువ్వు ఆపేస్తున్నావు.

ఇదే జాతి తప్పులు ఇంకో రెండు. పెద్ద ఏ నుంచి చిన్న జెడ్ దాకా అని ఒకటే రేంజ్ రాసేస్తారు, ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరిచ్చే ఆస్కీ పట్టికలో పెద్ద జెడ్ 90, చిన్న ఏ 97, మధ్యలో 91 నుంచి 96 దాకా ఆరు గుర్తులు కూర్చుని ఉంటాయి, చదరపు బ్రాకెట్‌లు, బ్యాక్‌స్లాష్, అండర్‌స్కోర్ లాంటివి, అవన్నీ అక్షరాల కింద లెక్కలోకి వచ్చేస్తాయి. రెండోది, బ్రాకెట్ లోపల రెండు గుర్తుల మధ్య హైఫన్ పెడితే అది హైఫన్ కాదు, రేంజ్ అయిపోతుంది. పైథాన్ వైపు మీ వాళ్ళెవరైనా ఉంటే చెప్పు, అక్కడ చివర డాలర్ గుర్తు పెట్టినా పాస్‌వర్డ్ వెనక ఒక న్యూలైన్ ఉంటే పాసైపోతుంది, ఫుల్‌మ్యాచ్ వాడాలి. జావాలో మ్యాచెస్ మొత్తం స్ట్రింగ్‌నే చూస్తుంది, ఆ బాధ లేదు.

ఇంతకీ నేనేం చేస్తానంటే, ఒక్కో రూల్‌కి ఒక్కో చిన్న క్లాస్. నిడివి చూసేది ఒకటి, క్యాపిటల్ చూసేది ఒకటి, పేరు చూసేది ఒకటి. ప్రతిదీ పాస్‌వర్డ్‌నీ, యూజర్ వివరాల్నీ తీసుకుని, తప్పుంటే ఒక ఎర్రర్ కోడ్ ఇస్తుంది, లేకపోతే ఏమీ ఇవ్వదు. పైన ఒక వ్యాలిడేటర్ అన్నిటినీ వరసగా నడిపి కోడ్‌లన్నీ ఒక లిస్టులో పోసి తిరిగిస్తుంది. ట్రూ, ఫాల్స్ తిరిగిచ్చే ఫంక్షన్ రాయకు, అది రాసిన రోజే "ఇన్‌వ్యాలిడ్ పాస్‌వర్డ్" మెసేజ్ తప్ప ఇంకో దారి లేకుండా పోతుంది. మొదటి తప్పు దొరకగానే ఆగిపోవద్దు కూడా. యూజర్ ఒకటి సరిచేసి సబ్మిట్ కొడితే ఇంకోటి, అది సరిచేస్తే మరోటి, నాలుగోసారికి మనిషి విసిగిపోయి హైదరాబాద్@123 కొట్టి బయటపడతాడు. అంకెలు అంటే 8, 16, 5 లాంటివి కోడ్‌లో పెట్టకు, కాన్ఫిగ్‌లో పెట్టు, ఇంకో క్లయింట్ రేపు 12 అంటాడు. ఇదంతా సొంతంగా రాసే ఓపిక లేకపోతే పాసే అనే జావా లైబ్రరీ ఉంది, రూల్స్‌ని విడివిడిగా పెట్టుకునే పద్ధతిలోనే ఉంటుంది.

ఇక్కడే ఒక సంగతి తప్పకుండా చూడు. నువ్వు ఆ చెక్‌ని ఎనొటేషన్ (కోడ్‌లో ఫీల్డ్ పైన తగిలించే @ చీటీ) కింద రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ మీద పెట్టావు కదా. స్ప్రింగ్‌లో ఫీల్డ్ వ్యాలిడేషన్ ఫెయిల్ అయితే వచ్చే ఎర్రర్ టెక్స్ట్‌లో "రిజెక్టెడ్ వ్యాల్యూ" అని యూజర్ కొట్టిన విలువ అలాగే అచ్చవుతుంది. పాస్‌వర్డ్ ఫీల్డ్‌లో అంటే పాస్‌వర్డ్ నేరుగా లాగ్ ఫైల్లోకి. రిజెక్ట్ అయిందే కదా అనుకోకు, మనిషి ఇంకో సైట్‌లో వాడేదే ఇక్కడా కొట్టి చూస్తాడు, లేదా చివర ఒక అంకె తగిలించి అదే పెడతాడు. ఇప్పుడే లాగ్స్ తెరిచి ఆ మాట వెతికి చూడు. నేను పాస్‌వర్డ్ చెక్‌ని ఎనొటేషన్‌లో పెట్టను, సర్వీస్ లోపల పిలుస్తా, ఆ ఆబ్జెక్ట్‌ని టెక్స్ట్‌గా అచ్చువేసే టు-స్ట్రింగ్‌లోంచి పాస్‌వర్డ్ తీసేస్తా.

ఎనొటేషన్ అన్నా కాబట్టి మా దగ్గర జరిగింది చెప్పాలి. అప్పుడు నేను మాధాపూర్‌లో ఒక కంపెనీలో ఉన్నా, పేరెందుకులే. సైన్అప్‌కీ లాగిన్‌కీ ఒకటే రిక్వెస్ట్ క్లాస్ వాడుతున్నాం. కనీస నిడివి 6 నుంచి 10కి పెంచమన్నారు, నేనే మార్చా, నేనే రివ్యూకి పంపా, టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, శుక్రవారం రాత్రి రిలీజ్ అయింది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి సపోర్ట్ వాళ్ళ ఫోన్లు ఆగలేదు. పాత యూజర్లు, ఎనిమిది క్యారెక్టర్ల పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళు, సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రాలేకపోతున్నారు, ఎందుకంటే నేను పెట్టిన కొత్త రూల్ లాగిన్ దగ్గర కూడా నడుస్తోంది, హ్యాష్‌తో (పాస్‌వర్డ్ బదులు దాచుకునే, వెనక్కి తిప్పలేని ముద్రతో) పోల్చడం దాకా పోనే పోవట్లేదు. అందులో ఒకావిడ చిన్న ఆసుపత్రిలో బిల్లింగ్ చూస్తుంది, క్యూలో పేషెంట్లు నిలబడి ఉన్నారు, ఆవిడ సపోర్ట్ వాళ్ళతో మాట్లాడిన రికార్డింగ్ నాకు వినిపించారు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి ఒకటే పట్టుదల, పాలసీ చెక్ పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు, మార్చేటప్పుడు మాత్రమే. లాగిన్‌లో ఖాళీగా ఉందా, మరీ మితిమీరిన సైజులో ఉందా, ఈ రెండు తప్ప ఇంకేం చూడకూడదు. పాత పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే లోపలికి రానిచ్చాక మార్చమని అడుగు.

ఇప్పుడు నిడివి. నిడివి అంటే ఏంటి అనే ప్రశ్న తేలిగ్గా అనిపిస్తుంది గానీ మన తెలుగువాళ్ళ దగ్గర అసలు తేలిక కాదు. ఎవరైనా తెలుగు అక్షరాల్లో "హైదరాబాద్" అని పాస్‌వర్డ్‌లో కొట్టారనుకో. కంటికి ఐదు అక్షరాలు, హై, ద, రా, బా, ద్. జావాలో లెంగ్త్ అడిగితే 9 అంటుంది, ఎందుకంటే ఐత్వం, దీర్ఘాలు, పొల్లు అన్నీ విడివిడి కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్ పట్టికలో ఒక్కో గుర్తుకి ఒక్కో నంబర్. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 27. మూడు లెక్కలు, ఒకటే మాట. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ళ గైడ్‌లైన్ ఉంది, 800-63బీ అంటారు, అందులో ఒక్కో యూనికోడ్ కోడ్ పాయింట్‌ని ఒక్క క్యారెక్టర్‌గా లెక్కపెట్టమన్నారు, నేనూ అదే చేస్తా.

ఇంకా లోతుకి పోతే, ఆ ఐత్వం ఉంది చూడు, దాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు, ఇలా రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే "హై". బైట్లు వేరు, కాబట్టి హ్యాష్ వేరు. ఒక కీబోర్డ్‌లో పెట్టిన పాస్‌వర్డ్ ఇంకో చోట కొడితే తప్పు అనే ప్రమాదం ఉంది, యూజర్ ఎంత చూసుకున్నా కారణం కనబడదు. అందుకే హ్యాష్ చేసేముందు యూనికోడ్ నార్మలైజేషన్ (ఎలా రాసినా ఒకే రూపంలోకి తేవడం) చేయాలి, జావాలో నార్మలైజర్ క్లాస్ ఉంది, ఒక్క లైను పని. పెట్టేటప్పుడూ లాగిన్‌లోనూ ఒకే రకంగా చేయాలి, ఒక చోట చేసి ఇంకో చోట మర్చిపోతే అది ఇంకా పెద్ద లొల్లి. ట్రిమ్ (ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసేయడం) కూడా అంతే, ఫ్రంట్ఎండ్‌లో ట్రిమ్ చేసి బ్యాక్ఎండ్‌లో చేయకపోవడం వల్ల మొబైల్ యాప్‌లో పనిచేసే పాస్‌వర్డ్ వెబ్‌లో పనిచేయని కేసులు నేనే రెండు చూశా. పాస్‌వర్డ్‌ని ట్రిమ్ చేయకు, స్పేస్ కూడా క్యారెక్టరే.

తెలుగు అక్షరాలకి క్యాపిటల్, స్మాల్ ఉండవు. అంటే పూర్తిగా తెలుగులో నలభై అక్షరాల వాక్యం పెట్టినా నీ పాలసీ ప్రకారం ఫెయిలే. అదే సమయంలో స్పెషల్ అంటే "అక్షరమూ అంకే కానిది" అని జావా ఇచ్చే ఫంక్షన్‌తో రాస్తే, దీర్ఘం గుర్తు దానికి అక్షరం కాదు కాబట్టి "రామ" అన్న మాటలో స్పెషల్ క్యారెక్టర్ ఉన్నట్టు లెక్క! ౫ అని తెలుగు అంకె కొడితే జావా ఈజ్‌డిజిట్ అంకె అంటుంది, జావా రెగెక్స్‌లో అంకెల షార్ట్‌కట్ మామూలుగా కాదంటుంది, పైథాన్ 3లో అదే షార్ట్‌కట్ అవునంటుంది. ఫ్రంట్ఎండ్ ఒక మాట, బ్యాక్ఎండ్ ఒక మాట చెప్పే బగ్స్ ఇక్కడే పుడతాయి. ఆఫీసుల్లో యూజర్ అకౌంట్లు చూసే మైక్రోసాఫ్ట్ సిస్టమ్ యాక్టివ్ డైరెక్టరీ వాళ్ళు దీన్ని కాస్త ఆలోచించారు, వాళ్ళ కాంప్లెక్సిటీ రూల్‌లో ఐదు రకాల్లో మూడు ఉంటే చాలు, ఆ ఐదోది పెద్దా చిన్నా లేని మన లాంటి లిపుల అక్షరాలే. తెలుగు పాస్‌వర్డ్‌ని ఒప్పుకో, కానీ ఇంకో ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ లేకపోతే లాగిన్ కష్టం అని పక్కన ఒక మాట చూపించు.

గరిష్ఠం 16 ఎందుకో క్లయింట్‌ని గట్టిగా అడుగు. హ్యాష్ చేసి దాచేవాళ్ళకి పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా డేటాబేస్‌లో పడేది ఒకటే సైజు, బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి అయితే ఎప్పుడూ 60 క్యారెక్టర్లే. 16 అని కచ్చితంగా అంటున్నారంటే ఎక్కడో పాత సిస్టమ్‌లో 16 సైజు కాలమ్‌లో పాస్‌వర్డ్ అలాగే పడి ఉందేమో అని నాకు అనుమానం వస్తుంది, అది నిజమైతే ఈ రూల్స్ అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది అది. నిస్ట్ కనీసం 64 దాకా ఒప్పుకోమంటుంది.

అలాగని పైన హద్దు లేకుండా వదిలేయకూడదు. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది, తర్వాత ఉన్నది వదిలేస్తుంది. ఇంగ్లిష్‌లో 72 అక్షరాలు ఎవరు కొడతారులే అనిపిస్తుంది, తెలుగులో మాత్రం 3 బైట్ల లెక్కన 24 కోడ్ పాయింట్లకే గిన్నె నిండిపోతుంది, నాలుగైదు మాటల వాక్యానికి సగంలోనే కోత. 2024 చివర్లో లాగిన్ సర్వీసులిచ్చే ఆక్టా కంపెనీ బయటపెట్టిన లోపం ఈ బాపతే, యూజర్ ఐడీ, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మూడూ కలిపి బీక్రిప్ట్‌కిచ్చి క్యాష్ (తాత్కాలిక నిల్వ) కీ తయారుచేశారు, యూజర్ నేమ్ 52 క్యారెక్టర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పాస్‌వర్డ్‌కి చోటే మిగల్లేదు, కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి పోవచ్చు. 2025లో స్ప్రింగ్ సెక్యూరిటీ బీక్రిప్ట్ ఎన్‌కోడర్‌లో కూడా 72 దాటిన పాస్‌వర్డ్‌ల మీద సెక్యూరిటీ ఫిక్స్ వచ్చింది, మీ వెర్షన్ చూసుకో. కొత్త ప్రాజెక్టే కాబట్టి ఆర్గాన్2ఐడీ అనే ఇంకో హ్యాష్ పద్ధతికి పో, లేదంటే నిడివి పై హద్దుని బైట్లలో 72 దగ్గర పెట్టి యూజర్‌కి తెలిసేలా మెసేజ్ ఇవ్వు. చప్పుడు చేయకుండా కోయడం మాత్రం వద్దు.

పేరు ఉండకూడదనే రూల్ కూడా చూడ్డానికి ఒక లైను, మన పేర్లతో పెట్టుకుంటే కాదు. యాక్టివ్ డైరెక్టరీలో పూర్తి పేరుని స్పేస్, చుక్క, కామా, హైఫన్ లాంటి వాటి దగ్గర ముక్కలు చేసి మూడు అక్షరాల కంటే చిన్న ముక్కల్ని వదిలేస్తారు. మనకి ఇనిషియల్స్ ఎక్కువ కదా, ఆ వదిలేయడం లేకపోతే "కె" ఉన్న పాస్‌వర్డ్ అంతా రిజెక్టే. కానీ మూడు అన్నది కూడా మనకి ఇరుకే. రావు అని ఇంగ్లిష్‌లో ఆర్, ఏ, ఓ అని రాసుకునేవాళ్ళు ఎంతమంది! ఆయన ఎక్స్‌ట్రార్డినరీ అనే మాటతో ఒక పొడుగు వాక్యం పెట్టుకున్నాడనుకో, ఆ స్పెల్లింగ్ మధ్యలో ఆర్, ఏ, ఓ వరసగా ఉన్నాయి, రిజెక్ట్. ఆయనకి తన పేరు ఎక్కడుందో ఎంత చూసినా కనబడదు. నేను నాలుగు అక్షరాల నుంచి చూస్తా, మూడు అక్షరాల పేరైతే మొత్తం పాస్‌వర్డ్ దానితోనే నడుస్తుంటే తప్ప ఆపను.

ఇక అసలు విషయం, హైదరాబాద్@123ని ఆపేదెలా. ఒక నిషేధ జాబితా ఉండాలి, దాంతో పోల్చే పద్ధతి కాస్త తెలివిగా ఉండాలి. ఉత్తినే "హైదరాబాద్ అనే మాట ఉంటే రిజెక్ట్" అంటే ఐదు మాటల మంచి వాక్యంలో ఆ మాట వచ్చినా పోతుంది, అది అన్యాయం. మైక్రోసాఫ్ట్ వాళ్ళ లాగిన్ సర్వీస్ ఎంట్రా ఐడీలో వాడే లెక్క నాకు నచ్చింది. ముందు @ని ఏ గా, సున్నాని ఓ గా, డాలర్‌ని ఎస్ గా మార్చి మామూలు రూపంలోకి తెస్తారు. తర్వాత నిషేధ పదం ఎంత పొడుగున్నా దానికి ఒకటే పాయింట్, మిగిలిన ఒక్కో క్యారెక్టర్‌కి ఒక్కో పాయింట్, మొత్తం 5 వస్తే పాస్. ఇదే లెక్క మన పాస్‌వర్డ్ మీద వేసి చూడు, జాబితాలో హైదరాబాద్ ఒక్కటే ఉందనుకో. హైదరాబాద్‌కి 1, @కి 1, 1, 2, 3లకి మూడు. మొత్తం సరిగ్గా 5. పాసైపోయింది! నేను మొదటిసారి రాసినప్పుడు ఈ టెస్ట్ పచ్చగా రావడం చూసి కోడ్‌లో తప్పుందేమో అని గంటసేపు వెతికా, కోడ్ సరిగ్గానే ఉంది, హద్దే మనకి చాలట్లేదు.

అందుకని మేం రెండు మార్పులు చేశాం. 123, 1234, క్వెర్టీ, ఒకటే అంకె నాలుగుసార్లు, 1950 నుంచి ఇప్పటిదాకా సంవత్సరాలు, ఇలాంటి వరసలకి కూడా ముక్క మొత్తానికి ఒకటే పాయింట్. హద్దు 8కి పెంచాం. ఇప్పుడు హైదరాబాద్@123కి వచ్చేది 3. ఒక జాగ్రత్త, వరసల్ని వెతకడం అక్షరాల మార్పిడి కంటే ముందే చేయాలి, ముందే 1ని ఎల్ గా మార్చేస్తే 123 కాస్తా ఎల్23 అయిపోయి వరస దొరకదు, ఈ బగ్ మా దగ్గర రెండు వారాలు ఉండిపోయింది.

జాబితాలో ఏం పెట్టాలి అనేదాని మీద అందరికంటే ఎక్కువ టైమ్ పెట్టు, ఇది నీకు ఏ లైబ్రరీ ఇవ్వదు. 2012లో డ్రాప్‌బాక్స్ నుంచి వచ్చిన జెడ్‌ఎక్స్‌సీవీబీఎన్ మంచి లైబ్రరీ, పచ్చ గీతకి అది వాడు, కానీ దాని డిక్షనరీలు ఎక్కువగా ఇంగ్లిష్ మాటలు, అమెరికా జనాభా లెక్కల్లోని పేర్లు. దానికి బతుకమ్మ తెలీదు, సాయిరాం తెలీదు. మన మాటలు యూజర్ ఇన్‌పుట్స్ అనే చోట నువ్వే ఇవ్వాలి. మేం కూర్చుని రాసుకున్నది: ఊళ్ళు, ఏరియాలు (చార్మినార్, కూకట్‌పల్లి, అమీర్‌పేట్), దేవుళ్ళు, గుళ్ళు (బాలాజీ, గోవింద, హనుమాన్, యాదాద్రి), పండగలు, సినిమా హీరోల పేర్లు, క్రికెటర్లు, అమ్మ, నాన్న, బంగారం, కన్నా, చిన్ని, లడ్డు లాంటి ముద్దు పేర్లు, కంపెనీ పేరు, ప్రొడక్ట్ పేరు, వెల్‌కమ్, అడ్మిన్. బండి నంబర్లు కూడా, టీఎస్09, టీజీ09, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ కదా, రెండూ పెట్టాలి. పైగా ఒక్కో మాటకి ఇంగ్లిష్ స్పెల్లింగులు నాలుగైదు, లక్ష్మిని ఎక్స్‌తో రాసేవాళ్ళు, కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్ళు, చివర డబుల్ ఈ పెట్టేవాళ్ళు. యూజర్ ఫోన్ నంబర్, పుట్టిన సంవత్సరం నీ దగ్గర ఉంటే వాటినీ అప్పటికప్పుడు కలుపు.

దీని తర్వాత లీకైన పాస్‌వర్డ్‌ల చెక్. సెక్యూరిటీ నిపుణుడు ట్రాయ్ హంట్ నడిపే పోన్డ్ పాస్‌వర్డ్స్ సర్వీస్ ఉంది. "పాస్‌వర్డ్‌ని బయటి సర్వర్‌కి పంపడమా" అని మీ మేనేజర్ గారు అడుగుతారు, సరైన ప్రశ్నే, ఇలా చెప్పు. పాస్‌వర్డ్‌కి షా-1 హ్యాష్ తీస్తే 40 హెక్స్ అక్షరాలు వస్తాయి, అందులో మొదటి 5 మాత్రమే పంపుతాం. ఆ ఐదుతో మొదలయ్యే లీకైన హ్యాష్‌లన్నిటి మిగతా 35 అక్షరాలూ, ఎన్నిసార్లు లీకయ్యాయో ఆ లెక్కా వాళ్ళు తిరిగి పంపుతారు, మనది అందులో ఉందో లేదో మన సర్వర్‌లోనే చూసుకుంటాం. ఐదు హెక్స్ అక్షరాలంటే 10,48,576 గంపలు, మనది ఏ గంపో వాళ్ళకి తెలుస్తుంది గానీ ఏ పండో తెలీదు. టైమ్అవుట్ చిన్నది పెట్టు, ఆ సర్వీస్ రాకపోతే సైన్అప్ ఆపొద్దు, లాగ్‌లో రాసి ముందుకి పోనివ్వు, మన జాబితా చెక్ ఎలాగూ నడుస్తుంది. దాచేది మాత్రం షా-1తో కాదు, అది ఈ వెతుకులాటకే, రెండూ కలపకు.

పాత 5 పాస్‌వర్డ్‌ల రూల్‌కి పాత హ్యాష్‌లు ఐదూ ఉంచుకుని, కొత్త పాస్‌వర్డ్‌ని ఒక్కోదానితో వెరిఫై చేయాలి. ఒక్కోదానికి సాల్ట్ (హ్యాష్ తీసేముందు కలిపే ర్యాండమ్ ముక్క) వేరు కాబట్టి కొత్త హ్యాష్ తీసి పోలిస్తే ఎప్పటికీ కలవదు. ఇది ఖరీదైన పని, అందుకే చవకైన రూల్స్ అన్నీ పాసయ్యాకే నడుపు. "పాత ఐదింటిని పోలినట్టు కూడా ఉండకూడదు" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకు, పోలిక చూడాలంటే పాత పాస్‌వర్డ్‌లు చదవగలిగే రూపంలో దాచాలి. ఇప్పుడున్న దానితో మాత్రం పోల్చొచ్చు, మార్చేటప్పుడు యూజరే దాన్ని కొడతాడు కాబట్టి.

90 రోజుల సంగతి నీ చేతిలో లేదని తెలుసు, కానీ క్లయింట్ కాల్‌లో ఒకసారి అడుగు. క్యాపిటల్, నంబర్, గుర్తు కావాలనే పద్ధతికి ఊపు తెచ్చింది 2003లో నిస్ట్‌లో బిల్ బర్ రాసిన డాక్యుమెంట్, ఆయనే 2017లో వాల్‌స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ అందులో చాలావాటికి పశ్చాత్తాపపడుతున్నట్టు చెప్పాడు. 2025లో వచ్చిన నిస్ట్ 800-63బీ నాలుగో రివిజన్ అయితే ఇలాంటి అక్షరాల రూల్స్ పెట్టనే కూడదంటుంది, పాస్‌వర్డ్ ఒక్కటే ఆధారమైతే కనీసం 15, ఓటీపీ లాంటిది తోడుంటే 8, లీకైందని తెలిస్తే తప్ప మార్చమని అడగొద్దు అంటుంది. 2010లో నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్ళు 7,700కి పైగా పాత అకౌంట్ల మీద చూస్తే, ముందటి పాస్‌వర్డ్ తెలిసినప్పుడు 17 శాతం అకౌంట్లలో కొత్తది ఐదు ప్రయత్నాల లోపే దొరికింది. అర్థమవుతోంది కదా, @123 పోయి @124 వస్తుంది అంతే. క్లయింట్‌ది కార్డుల వ్యాపారం అయితే పీసీఐ (కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం) అంటారేమో, అందులో ఇప్పుడు కనీసం 12, అక్షరాలూ అంకెలూ రెండూ ఉండాలి, 90 రోజుల రూల్ పాస్‌వర్డ్ ఒక్కటే ఫ్యాక్టర్ అయినప్పుడే. ఓటీపీ పెడదాం, 90 రోజులు తీసేద్దాం అని అడగడానికి నీకు దారి ఉంది. మెషిన్ తీసిన 16 చిన్న అక్షరాలకి ఉండే అవకాశాలు, అన్ని రకాలూ కలిపిన 8 క్యారెక్టర్లకి ఉండే వాటికంటే దాదాపు 65 లక్షల రెట్లు ఎక్కువ, ఈ ఒక్క లెక్క స్లైడ్‌లో పెట్టు, నిడివి గురించి వాళ్ళే మాట్లాడతారు.

టెస్టులకి ఇవి తప్పకుండా రాయి, మిగతావి నీ ఇష్టం. 7, 8 క్యారెక్టర్లు, పై హద్దు దగ్గర ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. # ఉన్నది, స్పేస్ మధ్యలో ఉన్నది, స్పేస్ చివర ఉన్నది. "హై" రెండు రకాలుగా రాసిన జత, రెండూ ఒకే హ్యాష్‌కి వెరిఫై కావాలి. తెలుగులో 25 కోడ్ పాయింట్లు, చివరిది ఒక్కటే మార్చి కొడితే లాగిన్ కాకూడదు. రావు గారి ఎక్స్‌ట్రార్డినరీ, పాస్ అవ్వాలి. హైదరాబాద్@123, ఏ బదులు @ పెట్టిన హైదరాబాద్, లక్ష్మి@1985, మూడూ ఫెయిల్ అవ్వాలి, మెసేజ్‌లో "సులభంగా ఊహించగలిగే పదం" అని రావాలి. పాత ఆరు క్యారెక్టర్ల పాస్‌వర్డ్ ఉన్న యూజర్ లాగిన్ అవ్వాలి. ఆఖరిది, ఫెయిలైన ప్రతి టెస్ట్ తర్వాత లాగ్ మొత్తం వెతికి ఆ పాస్‌వర్డ్ ఎక్కడా లేదని చూసే టెస్ట్ ఒకటి. ముందు ఈ లాగ్ పని, లాగిన్ దగ్గరి ఎనొటేషన్ పని ఇవాళే చెయ్, రెగెక్స్ రేపటికి ఆగుతుంది. జాబితాకి మా టీమ్ రాసుకున్న స్పెల్లింగులు కావాలంటే అడుగు, పంపిస్తా.